ఏనుగు వరుస, గుర్రం వరుస

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కల్లూరు మెయిన్ రోడ్డులోని తన చీరల అంగడి తలుపులు తీసేటప్పుడు వాసుదేవ్ మనసులో ఒకే ఒక పని ఉంది. మధ్యాహ్నం భోజనంలోపు ఒక పాచికను రెండు వందల సార్లు వేయాలి. పడిన అంకెలన్నీ నోటుబుక్కులో రాయాలి. సాయంత్రం ఆ బుక్కు తీసుకెళ్ళి బావమరిది ప్రదీప్‌కుమార్ ముందర పడేయాలి.

ఆ ఇద్దరికీ ఆదివారం మధ్యాహ్నాలు బల్ల మీద యుద్ధం చేసే అలవాటుంది. బొటనవేలంత సైనికులు, అట్టముక్కల కొండలు, పచ్చగుడ్డ మైదానం. వాసుదేవ్‌వి ఏనుగులు. ఆరు నెలలు కూర్చుని, వాటి మీది బట్టలకు చీర అంచులు కూడా దిద్ది, తనే రంగులు వేసుకున్నాడు. ప్రదీప్‌వి గుర్రాల దండులు. ఏనుగు దాడికి దిగితే ఒకే పాచిక వేయాలి. అయిదో ఆరో పడితే ఎదుటివాళ్ళు ముగ్గురు చస్తారు, లేదంటే ఎవరికీ ఏమీ కాదు. గుర్రాల దండుకైతే మూడు పాచికలు. అయిదో ఆరో పడిన ఒక్కో పాచికకు ఒక్కరు చస్తారు.

నిన్నటి యుద్ధంలో వాసుదేవ్ చిత్తుగా ఓడిపోయాడు.

"ఈ ఏనుగులు దండగ ప్రదీపూ. ఎప్పుడేసినా ఒకటీ రెండూ తప్ప పడవు. వచ్చేవారం మార్చుకుందాం, నాకు గుర్రాలియ్యి" అన్నాడు.

ప్రదీప్‌ది వీధి చివర రంగుల అంగడి. బీకాంలో స్టాటిస్టిక్స్ చదివిన మనిషి. "రెండూ ఒకటే బావా. ఏదైనా సగటున దాడికి ఒకరు. నీకు పడనివి గుర్తుంటాయి, పడినవి మర్చిపోతాండావు. రెండు వందల సార్లు వేసి రాసుకో. నాది తప్పని తేలితే గుర్రాలన్నీ నీవే" అన్నాడు.

అదీ సంగతి. అంగట్లో కూర్చుని వాసుదేవ్ పద్నాలుగు సార్లు వేశాడు. రెండుసార్లే ఏనుగు గెలిచింది. సంతోషపడబోయి ఆగాడు. తనే కావాలని అట్లా వేశాడని ప్రదీప్ అంటే? వేసే చెయ్యి వేరేవాళ్ళది కావాలి.

అప్పుడే ఓబులమ్మ రెండు చీరలు తీసుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెది ఆలూరు. పెళ్ళి బట్టలకని ఏడాదికొకసారి వచ్చే మనిషి.

"ఓబులమ్మా, దీన్ని ఒకసారి వేసి పో."

"ఏంటికప్పా?"

"ఊరికే. నాకొక లెక్క ఉండాది."

ఆమె వేసింది. ఆరు పడింది. వాసుదేవ్ బుక్కులోంచి తల ఎత్తకుండానే, "ఆరు. మూడు పోయె" అని రాసుకున్నాడు.

పక్కన చీరలు మడతపెడుతున్న నాగశ్రీ ఆ మాట విన్నది. ఆ అంగట్లో నాలుగేళ్ళుగా అమ్మకాలు చూస్తున్న చురుకైన అమ్మాయి. యజమాని ఏదో కొత్త స్కీము పెట్టాడనుకుని, ఓబులమ్మ సంచిలో మూడు జాకెట్ పీసులు పెట్టింది. ఓబులమ్మ సంచిలోకి చూసింది, నాగశ్రీ ముఖంలోకి చూసింది, ఒక్క మాట మాట్లాడకుండా గబగబా మెట్లు దిగింది.

షేర్ ఆటోలో మాత్రం ఆమె మాట్లాడింది. పదకొండు గంటలకల్లా కర్నూలు వైపు నుంచి వచ్చే ప్రతి ఆటో అంగడి ముందరే ఆగుతోంది. చీరలు కొన్నా కొనకపోయినా అందరూ పాచిక వేస్తామంటున్నారు. వాసుదేవ్‌కు ఆనందం పట్టలేదు. ఇంతమంది వేరే చేతులు ప్రదీప్ కూడా తేలేడు. వెనక జాకెట్ పీసుల అర ఖాళీ అవుతున్న సంగతి గమనించే తీరిక ఆయనకు లేదు. అంకె వినడం, రాయడం, అంతే.

పన్నెండున్నరకు ఆయన భార్య శ్రీవాణి క్యారియరు పట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర చౌడమ్మ అనే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"లైన్లో రామ్మా. మేము గంట నుంచి ఉండాము."

"ఇది మా అంగడి."

"అట్లని ఇంతకు ముందు ఇద్దరు చెప్పినారు."

శ్రీవాణి ముప్పావుగంట లైన్లో నిలబడి బల్ల దాకా వచ్చింది. వాసుదేవ్ తల ఎత్తకుండా పాచిక ముందుకు తోశాడు. ఆమె వేసింది. మూడు పడింది.

"మూడు. ఏమీ ల్యా. తరువాత" అన్నాడు.

"ఏమండీ" అంది శ్రీవాణి.

ఆ గొంతు విన్నాక వాసుదేవ్ తల ఎత్తాడు. ముందర భార్య, వెనక సగం ఖాళీ అయిన అర, చేతిలో మూడేసి పీసులతో నాగశ్రీ. విషయం మెల్లగా ఆయన బుర్రకెక్కింది. లేచి నిలబడి, "అమ్మా, ఇది స్కీము కాదు, ఏనుగు లెక్క" అని చెప్పాడు.

"ఆలూరామెకు మూడిచ్చినప్పుడు స్కీమే కదా" అంది చౌడమ్మ. "నా ముందర అయిదుగురికి వరసగా పడల్యా. ఆ పాచిక మనిషిని చూసి పడతాండాది."

వరుసలో గొణుగుడు మొదలైంది. ఎర్రచీర కట్టుకున్నవాళ్ళకే పడుతోందని ఎవరో కనిపెట్టారు. నిజంగానే చివరగా గెలిచిన ముగ్గురిలో ఇద్దరివి ఎర్రచీరలు. ఎడమచేత్తో వేస్తే పడుతుందని ఇంకొకరు అన్నారు. కాసేపటికి ఎర్రచీర ఆమె ఒకతె కావాలన్నవాళ్ళందరి తరఫునా ఎడమచేత్తో పాచిక వేసిపెడుతోంది. ఆమెకూ పడలేదు. అయినా ఆమె మీద ఎవరికీ నమ్మకం పోలేదు. పోయిందల్లా అంగడి మీదే.

పెళ్ళిళ్ళ కాలం దగ్గర పడింది. వాసుదేవ్ మోసం చేశాడన్న మాట ఈ రోజు కల్లూరులో పుడితే రేపటికి ఆలూరు చేరుతుంది. భయపడి ఆయన ఇంకో మార్గం ఆలోచించాడు. ఏనుగు ఇష్టం లేనివాళ్ళు గుర్రం వేసుకోవచ్చన్నాడు. మూడు పాచికలు, అయిదో ఆరో పడినదానికల్లా ఒక పీసు. నాగశ్రీ అట్టముక్కల మీద ఏనుగు, గుర్రం అని రాసి రెండు వరుసలు చేసింది.

దాంతో ఇంకా చెడింది. గుర్రం వరుసలో చాలామంది ఒకటో రెండో పీసులతో నవ్వుకుంటూ పోతున్నారు. ఏనుగు వరుసలో ఇద్దరు ఒట్టి చేతులతో పోతే మూడో ఆమె మూడు పీసులు ఎత్తి అందరికీ చూపిస్తోంది. ఏనుగువాళ్ళు గుర్రంలోకి దూరుతున్నారు. గుర్రంలో ఒట్టి చేతులు మిగిలినవాళ్ళు ఏనుగులోకి పోయి మొదటి నుంచి నిలబడుతున్నారు. ఓబులమ్మ కూడా తిరిగొచ్చింది, కర్నూలులో ఉండే ఇద్దరు ఆడబిడ్డలతో.

వాసుదేవ్ ప్రదీప్‌కు ఫోన్ చేశాడు. "నువ్వొచ్చి రెండూ ఒకటేనని వీళ్ళకు చెప్పప్పా. నేను చెప్తే నమ్మడం ల్యా."

ప్రదీప్ వచ్చాడు. స్టూలెక్కి సగటు అంటే ఏమిటో విడమరిచి చెప్పాడు. ఎంతమంది వేసినా చివరికి మనిషికి ఒక పీసు చొప్పున తేలుతుందన్నాడు. ఏనుగు మూడుసార్లకు ఒకసారి గెలుస్తుందన్నాడు. చూపిస్తానని పాచిక తీసుకుని వేశాడు. రెండు పడింది. మళ్ళీ వేశాడు. ఒకటి. ఏడుసార్లు వేశాడు, ఏడుసార్లూ పోయింది. ఎనిమిదోసారి వేయకుండా స్టూలు దిగాడు.

అప్పుడు ఓబులమ్మ నింపాదిగా అడిగింది. "ఏనుగైనా మనిషికొకటి, గుర్రమైనా మనిషికొకటి అంటివి కదప్పా. అట్లయితే మమ్మల్ని ఈ ఎండలో నిలబెట్టేదేంటికి? మనిషికొకటి ఇచ్చేస్తే ఇండ్లకు పోతాం కదా."

వాసుదేవ్ ప్రదీప్‌ను చూశాడు. ప్రదీప్ పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను చూశాడు.

"ఇస్తాను" అన్నాడు వాసుదేవ్. "కానీ నా లెక్కకు ఇంకా ముప్పై ఎనిమిది తక్కువ ఉండాయి. ఏనుగు వేసి, పీసు తీసుకుని పోండి."

నాలుగింటికి అంగట్లో ఒక్క జాకెట్ పీసు మిగల్లేదు. శ్రీవాణి క్యారియరు విప్పకుండానే ఇంటికి పోయింది. ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు.

మంగళవారం పొద్దున అంగడి తీసేసరికి మెట్ల మీద చౌడమ్మ కూర్చుని ఉంది. వెనక ఇంకో పదిమంది. నాగశ్రీ నిన్న చేతికందిన పీసు అందినట్టు సంచుల్లో వేసింది. ఇంటికెళ్ళి చూసుకుంటే అవి ఎవరి చీరలకూ కలవలేదు.

"ఈ చిలకపచ్చకు నా దగ్గర చీర ల్యా. దీనికి సరిపోయేది చూపియ్యి" అంది చౌడమ్మ. ఓబులమ్మ మూడు తెచ్చింది. ఒకటి వంగపండు రంగు, ఒకటి ఆవపూల పసుపు, ఇంకొకటి ఏ రంగో అంగట్లో ఎవరూ చెప్పలేకపోయారు. దానికి చీర వెతకడానికి గంట పట్టింది. పెళ్ళిళ్ళ కోసం తెప్పించిన చీరలన్నీ శుక్రవారానికే అమ్ముడైపోయాయి. శ్రీవాణి భర్తతో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది.

అంగట్లో తీరిక దొరక్క ఆదివారం దాకా ఆగి, వాసుదేవ్ నోటుబుక్కు బల్ల మీద పెట్టాడు. రెండు వందల దాడులు, అరవై ఏడు గెలుపులు, చచ్చినవాళ్ళు రెండు వందల ఒక్కరు.

"నువ్వు చెప్పిందే నిజమప్పా. రెండూ ఒకటే. ఏనుగులు నాకే ఉండనీ."

ప్రదీప్ బుక్కు వైపు చూడలేదు. "కాగితం మీద ఎంతుంటే ఏం బావా. ఏడుసార్లు నా చేత్తో నేనే వేసినా. ఏనుగు ఉత్త దండగ. నా గుర్రాలు తీసుకో, నిన్ను చూస్తే జాలిగా ఉండాది."

"ఏడు కూడా ఒక లెక్కేనా?"

"అంతమంది ఆడోళ్ళ ముందర వేసి చూడు, తెలుస్తాది."

మార్చుకోకుండానే ఆడారు. ఆ మధ్యాహ్నం వాసుదేవ్ ఏనుగులు తొమ్మిదిసార్లు దాడి చేశాయి, ఒక్కరినీ చంపలేదు. ఆయన ఓడిపోయాడు. తొమ్మిదికి తొమ్మిదీ పోయే అవకాశం ఎంతో బుక్కు చివరి పేజీలో లెక్కవేసుకుని, నూటికి రెండు మూడుసార్లు ఇట్లా జరగాల్సిందేనని తేలాక, తృప్తిగా టీ తాగాడు. గెలిచిన ప్రదీప్ మాత్రం, ఏనుగుల మీద గెలిస్తే అదీ ఒక గెలుపేనా అని ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

పక్క గదిలో శ్రీవాణి జాకెట్ పీసులు పంపే వ్యాపారితో ఫోన్లో మాట్లాడుతూ, ఎవరింట్లోనూ ఏ చీరకూ కలవని రంగులు ఏమేమున్నాయో అడిగి, అవన్నీ రెండేసి కట్టలు పంపమని చెప్పింది.