సోలార్ పలక మీద బంతిపూలు

గుడ్డ బదులు నిన్ననే ఒక రబ్బరు చుట్ట కొని ఉంటే పోయేది కదా, అని మెకాంగ్ నది ఒడ్డున సైకిలు తొక్కుతూ ప్రనోమ్ టీచరు మళ్ళీ అనుకుంది. గుడ్డ కడితే మాత్రం తప్పేముందని వెంటనే తనే జవాబు చెప్పుకుంది. ఆమె వాదనలన్నీ తలలోనే మొదలై తలలోనే తీర్పుదాకా వెళ్ళేవి. నోటిదాకా వచ్చేవి తక్కువ.

బడి వెనక చేపల తొట్టి ఉంది. చేపలు మురికి చేసిన నీళ్ళను చిన్న మోటారు పైనున్న కూరమడుల్లోకి ఎక్కిస్తుంది. మొక్కలు ఆ మురికిని తిని, తేటపడ్డ నీళ్ళను తిరిగి తొట్టిలోకి వదులుతాయి. మోటారును నడిపేది ఎండ. పిల్లలకు అది పాఠం, ఊరి ఆడవాళ్ళకు సంతలో నాలుగు డబ్బులు. ఈ రోజు జిల్లా నుంచి అధికారి వినిత్ గారు చూడటానికి వస్తున్నారు. తొట్టి బాగా నడుస్తుంటే ఆడవాళ్ళకు ఇంకొకటి ఇస్తారు. లేకపోతే ఉన్నది కూడా పక్క ఊరి బడికి పోతుంది. నిన్న సాయంత్రం గొట్టం కారుతుంటే, ఆటల పోటీల్లో మిగిలిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పేలికలు కలిపి బిగించి కట్టింది. ఈ రోజు వాటిని విప్పేసి, పొద్దున కొన్న రబ్బరు వేయాలి.

రంగుగుడ్డలు చుట్టిన దాంట్లో అమ్మతల్లి ఉంటుందని ఆ ఊరి నమ్మకం, చేతులు జోడించకుండా దాన్ని ఎవరూ దాటిపోరు. తను కట్టిన గుడ్డకూ అదే గౌరవం దక్కుతుందని ఆమెకు తట్టలేదు.

ఆమె వచ్చేసరికి గొట్టానికి ఒక బంతిపూల దండ వేలాడుతోంది. అధికారి కోసం పిల్లలు కట్టారేమోనని ముచ్చటపడి తరగతికి వెళ్ళింది. పాఠం ముగించుకుని తిరిగొస్తే అగరొత్తులు, నైవేద్యంగా జిగురన్నం ముద్దలు, స్ట్రాలు వేసిన ఎర్ర సోడా సీసాలు కనిపించాయి. ఎండకు వాలుగా నిలబెట్టిన సోలార్ పలక బల్లలా వీలుగా ఉందని దండలన్నీ దానిమీదే పరిచారు. నీళ్ళ చప్పుడు లేదు.

ఆడవాళ్ళ సంఘానికి పెద్ద అయిన థోంగ్‌సాయ్ అవ్వ గొట్టానికి పౌడరు రుద్ది అంకెలు వెతుకుతోంది. మర్నాడు లాటరీ. అమ్మ ఉన్నచోట గెలిచే నంబరు కనిపిస్తుందని వాళ్ళ నమ్మకం.

"ఏంటవ్వా ఇదంతా?"

"గుడ్డ కట్టింది నువ్వు, అడిగేది నన్నా? అమ్మ కల్లోకి వచ్చిందా ఏం?"

"అది గొట్టం కారుతుంటే..."

"కారడం కాదమ్మా. ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఒక్కరం పట్టించుకున్నామా?"

ప్రనోమ్ దగ్గర మంచి జవాబే ఉంది. కానీ ఇంతమందిలో అవ్వను చిన్నబుచ్చితే రేపటినుంచి మడుల దగ్గరికి ఎవరొస్తారు? ఆమె ఆ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూస్తుండగా చేపలు పైకి తేలి నోళ్ళు తెరవసాగాయి.

"నంబరు చెప్తున్నాయే! నాలుగు," అంది ఒకామె, తెరిచిన నోళ్ళు లెక్కపెట్టి.

"నీ మొహం, ఆరు. కళ్ళజోడు పెట్టుకుని లెక్కెట్టు," అంది ఇంకొకామె.

"ఊపిరాడక చస్తున్నాయి," అంది ప్రనోమ్, తనకే వినపడేంత మెల్లగా.

నంబరు మీద వాదన వింటూ వినిత్ గారు అప్పుడే వచ్చారు.

"నీళ్ళు పారడం లేదేం టీచర్?"

"పలక మీద పూలండీ. తీసేస్తే నడుస్తుంది."

"తీయండి మరి."

ఆడవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. "మీరే తీయండి సార్. పెద్ద ఉద్యోగం, మీకేం కాదు," అంది అవ్వ. వినిత్ గారు చెయ్యి చాపి, కాసేపు అలాగే ఉంచి, జేబులో పెట్టుకున్నారు.

"మోటారు సంగతి టీచరుకే తెలుస్తుంది," అన్నారు.

ఎండ గురించి, కరెంటు గురించి ప్రనోమ్ తలలో పాఠం సిద్ధంగా ఉంది. అది వినేంత ఓపిక చేపలకు లేదు. ఆమె చెప్పులు విడిచి పలక ముందు మోకరిల్లింది.

"అమ్మా, నీకు ఎండంటే ఇష్టమని తెలీక పూలు కప్పేశాం. కింద పెడతాం, కోపం తెచ్చుకోకు."

గొంతు గట్టిగానే వచ్చింది. దండలు ఒక్కొక్కటే తీసి నేలమీద పెట్టింది. మోటారు గురగురమంది. మడుల్లోంచి నీళ్ళు తొట్టిలోకి దూకాయి. వెనక ఆడవాళ్ళంతా దణ్ణం పెట్టి "సాధు, సాధు" అన్నారు.

"చూశారా, అడిగే తీరులో అడగాలి," అంది అవ్వ. "రెండో తొట్టి వస్తే దానికీ నువ్వే కట్టాలమ్మా గుడ్డ."

"పంపిస్తాను," అన్నారు వినిత్ గారు. తర్వాత టీచరు దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు. "ఇంతకీ నాలుగా, ఆరా?"

గుడ్డ కిందనుంచి నీటిచుక్కలు కారుతూనే ఉన్నాయి. రబ్బరు వేయాలంటే గుడ్డ విప్పాలి. ప్రనోమ్ ఒకసారి గుడ్డను చూసింది, ఒకసారి అవ్వను చూసింది. జేబులోంచి కొత్త రబ్బరు చుట్ట తీసి, సోడా సీసాల పక్కన పెట్టి, చేతులు జోడించింది.