తడి తగలకూడని నేల

సంసారంలో శాంతి కావాలా? కౌన్సెలింగులూ ధ్యానం యాప్‌లూ దండగ. హాల్లో నేలకు ఓక్ చెక్క వేయించుకోండి!

నమ్మకం కుదరకపోతే పుప్పాలగూడలో ఉదయశ్రీ ఇంటికి వెళ్లి చూడండి. చెప్పులతోపాటు గొంతు కూడా బయటే వదలండి. ఆమె భర్త జశ్వంత్ టైల్స్ నాసిరకమని కొత్త ఫ్లాట్ హాలంతా విదేశీ ఓక్ వేయించాడు. మన టేకు కంటే గట్టిదట. అంత గట్టి చెక్కకు అంత సుకుమారం ఉంటుందని వేశాకే తెలిసింది.

నీళ్లు నిలిస్తే ఉబ్బుతుంది. కుర్చీ లాగితే గీత పడుతుంది. తడి మీద ఇనప కత్తిపీట పెడితే నల్లటి మచ్చ దిగుతుంది. అందుకని అత్తగారు అమ్మణ్ణి కత్తిపీటతో సహా బాల్కనీకి చేరింది. కోపం వచ్చినా ఎవరూ చెంబు విసరరు. ఇంత శాంతి ఏ ఆశ్రమంలో దొరుకుతుంది?

వానాకాలం గాలిలో తేమ దానికి పడదని హాల్లో పగలంతా ఏసీ వేస్తారు. మనుషులు పడకగదిలో ఫ్యాను కింద సర్దుకుంటారు. భూతదయ అంటే విన్నాం, ఇది వృక్షదయ!

ఇంతలో శ్రావణమాసం వచ్చింది. అద్దె ఇళ్లలో ఉన్నన్నాళ్లూ ఉదయశ్రీ వరలక్ష్మీ వ్రతాన్ని ‘మన ఇల్లంటూ అయ్యాక’ అని వాయిదా వేసుకుంటూ వచ్చింది. ఈసారి ఇల్లిల్లూ తిరిగి పేరంటానికి పిలిచేసింది. ముత్తైదువుల కాళ్లకు పసుపు రాస్తారన్న సంగతి జశ్వంత్‌కు ఆలస్యంగా గుర్తొచ్చింది. ఆఫీసు మీటింగు మధ్యలో లాప్‌టాప్ మూసేశాడు. పసుపు రాయగానే అందరికీ సాక్సులు పంచుదామన్నాడు. భార్య మొహం చూసి మాట మార్చాడు.

“పోనీ కింద క్లబ్‌హౌస్ బుక్ చేస్తాను శ్రీ.”

“అమ్మవారికి విజిటర్ పాస్ కూడా మీరే తీసుకుంటారా అండి?”

ఎదురు ఫ్లాట్‌లో కిరాయికుండే సంధ్యకు ఈ గొడవ వినపడింది.

“మా ఇంట్ల చేస్కో అక్కా. టైల్సే గద, నీళ్లు వోసి కడుగుతే అయిపాయె. గింత దానికి పరేషాన్ ఎందుకు?”

అలా సొంతింటి ఇల్లాలు తన మొదటి వ్రతం కిరాయి ఇంట్లో చేసుకుంది. వచ్చినవాళ్లు పులిహోర తిన్నారు, పాయసం ఒలకబోశారు, ఎవరో తుడిచారు. అమ్మణ్ణి చాలా రోజుల తర్వాత నేల మీద కాళ్లు బారజాపుకుని కూర్చుంది. చివర్లో సంధ్య ఉదయశ్రీ కాళ్లకు నిండా పసుపు రాసి, వాయనం చేతిలో పెట్టింది.

తమ ఫ్లాట్ గుమ్మంలో జశ్వంత్ తువ్వాలుతో నిలబడి ఉన్నాడు.

“అక్కడే ఆగు శ్రీ. కాళ్లు కడుక్కుని రా.”

“పేరంటం పసుపు కడుక్కుని రమ్మంటావేంట్రా?” అంది అమ్మణ్ణి కోడలి వెనక నుంచి.

ఉదయశ్రీ తువ్వాలు వైపు చూసింది. తన హాలు వైపు చూసింది. తర్వాత ఏ తొందరా లేకుండా లోపలికి నడిచింది.

ఓక్‌కు మరో సుగుణం ఉంది. దాని నారలో సన్నటి గుంటలుంటాయి కాబట్టి రంగు పడితే లోపలిదాకా దిగుతుంది. జశ్వంత్ రెండు సీసాల క్లీనరు ఖర్చుపెట్టాడు. అయినా గుమ్మం నుంచి దేవుడి గది దాకా పసుపు అడుగులు అలాగే ఉన్నాయి. అంత ఖరీదైన హాల్లో మనుషులు కూడా తిరుగుతారన్న సంగతి ఇక దాచడానికి వీల్లేదు!