మెమరీ పంపకాలు

నా భార్య చనిపోయిందని ఒప్పుకోవడానికి మా పట్టణ నమోదు కార్యాలయంలోని కంప్యూటర్‌కు మెమరీ చాలలేదు. ఇందులో నా అభిప్రాయం ఏమీ లేదు. గుమాస్తా చెప్పాడు, సూపర్‌వైజరు ధ్రువపరిచాడు, పెద్దాఫీసరుగారు విచారం వ్యక్తం చేశారు.

నాకు కావలసింది ఒక కాగితం. ఈమె ఫలానావాడి భార్య, ఈమె పోయింది అని దానిమీద ఉండాలి. అది చూపిస్తే తప్ప ఆరోగ్యశాఖవారి ఫోన్ ఆగదు. రోజూ పొద్దున్నే ఆవిడ పేరు పెట్టి ఒక మరగొంతు పలకరించేది. ఒంట్లో బాగుంటే ఒకటి నొక్కాలి, నలతగా ఉంటే రెండు నొక్కాలి. పోయినవాళ్లకు అంకె కేటాయించలేదు. నేను ఒకటి నొక్కుతూ వచ్చాను. ఆవిడకిక జ్వరం రాదు, మోకాళ్లు నొప్పెట్టవు. అంతకన్నా బాగుండడం ఎవరి తరం? చాలా సంతోషం అనేది గొంతు.

ఆ కార్యాలయంలో నమోదుకు ఒకప్పుడు మూడు కంప్యూటర్లు ఉండేవి. జననాలకొకటి, పెళ్లిళ్లకొకటి, మరణాలకొకటి. మూడూ ముసలివై మూలపడ్డాయి. వాటిలోని ప్రోగ్రాములు కొత్తవాటికి ఎక్కవట. అందుకని ఒకే ఒక కొత్త కంప్యూటరు కొని, పాత మూడింటినీ దాని కడుపులో బతికిస్తున్నారు. అవి కంటికి కనిపించవు, చేతికి తగలవు, కానీ ఉన్నాయి. వీటిని వర్చువల్ మిషన్లు అంటారని సర్వీసుకు వచ్చే అమ్మాయి చెప్పింది. పెట్టె ఒక్కటే, లోపల ముగ్గురు, ఎవరికి వారు వేరు కాపురమే అనుకుంటూ ఒకే వంటింట్లో గిన్నెల కోసం కొట్టుకుంటున్నారు. నేను చదివింది ఊరి బడిలోనే అయినా, పెరిగింది ఉమ్మడి కుటుంబంలో కనుక వెంటనే అర్థమైంది.

పెట్టెలో ఉన్న మెమరీ ఒక్క మిషన్‌కే బొటాబొటిగా సరిపోతుంది. మరణాలు తెరిస్తే పెళ్లిళ్లు బిగుసుకుపోతాయి. పెళ్లిళ్లు తెరిస్తే మరణాలు కదలవు. పెళ్లయిన మనిషి పోతే మాత్రం రెండూ ఒకేసారి తెరవాలి. ఇటు పెళ్లి చూపించాలి, అటు చావు రాయాలి. అది జరిగే పని కాదు. కనుక మా పట్టణంలో పెళ్లికానివారు మాత్రమే సక్రమంగా చనిపోగలిగేవారు.

"మీ ఆవిడకి పెళ్లి కాకపోయుంటే ఈపాటికి పనైపోయేదండీ" అన్నాడు గుమాస్తా జాలిగా.

ప్రజల కష్టం చూసి కార్యాలయం కరిగింది. మెమరీ పెంచాలని తీర్మానించింది. నాలుగు ముక్కలు వచ్చాయి. నాలుగూ ఆ పెట్టెలో వేస్తే మూడు మిషన్లూ పరుగెత్తుతాయని సర్వీసు అమ్మాయి చెప్పింది. కానీ ఆ కార్యాలయానికి ఒక ఆచారం ఉంది. కొత్తగా ఏది వచ్చినా హోదాను బట్టి పంచుకుంటారు. కుర్చీలు అలాగే పంచారు, ఫ్యాన్లు అలాగే పంచారు. ఆ ప్రకారమే రెండు ముక్కలు పెద్దాఫీసరుగారి కంప్యూటర్‌కు, ఒకటి సూపర్‌వైజరు కంప్యూటర్‌కు వెళ్లాయి. పెద్దాఫీసరుగారు తన కంప్యూటరు తెరవగా చూసినవారు లేరు. తెరిస్తే మాత్రం మెరుపులా తెరుచుకుంటుందని అందరూ గర్వపడ్డారు.

ఆయనది ఒకటి వెనక్కి తీసుకుంటే నా పని అవుతుంది కదా అన్నాను.

"ఇచ్చిన కుర్చీ లాక్కుంటామా? పెద్దవారు, మీరే ఇలా అంటే ఎలాగండీ?" అన్నాడు సూపర్‌వైజరు. నేను సిగ్గుపడాలని ఆయన కాసేపు ఎదురుచూశాడు.

మిగిలిన ఒక్క ముక్కను పెట్టెలో వేశారు. దాన్ని మూడు మిషన్లకు పంచడానికి సమావేశం జరిగింది. రేపటి పౌరులు తన దగ్గరే మొదలవుతారని జననాల గుమాస్తా వాదించాడు. పెళ్లిళ్లు లేనిదే జననాలెక్కడివని పెళ్లిళ్ల గుమాస్తా కళ్లెర్రజేశాడు. ఎవరు ఎక్కడ తిరిగినా చివరికి తన బల్ల దగ్గరికే రావాలన్నాడు మరణాలవాడు. తగవు తెగక, పాతదీ కొత్తదీ కలిపి మొత్తం మెమరీని మూడు సమాన వాటాలు వేశారు. మోసే పెట్టెకు కూడా కొంత వదలాలి సార్ అంది సర్వీసు అమ్మాయి. పెట్టె తరఫున గుమాస్తా ఎవరూ లేరు కనుక దానికి వాటా లేదన్నారు. మీ ఇష్టం, ఇక్కడ సంతకం పెట్టండి అని ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పెట్టెకు పూలదండ వేసి, గాలి వెళ్లే చిల్లులు మూశారు. "నేటి నుంచి ఈ కార్యాలయంలో పుట్టుక, పెళ్లి, చావు ఏకకాలంలో జరుగును" అని పెద్దాఫీసరుగారు ప్రసంగించారు. చప్పట్లు కొట్టారు. తొలి లబ్ధిదారుగా నన్ను ముందు నిలబెట్టారు. ఆయన మూడు మిషన్లూ తెరిపించారు. పెట్టె ఎత్తు ఎక్కుతున్న లారీలా రొప్పింది. తెర నల్లబడింది. ఏం చేయాలో తోచక అందరూ లేచి నిలబడి కాసేపు మౌనంగా ఉన్నారు. నా భార్యకు దక్కిన అధికారిక నివాళి అదొక్కటే.

తర్వాత మరణాల గుమాస్తా నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు.

"బాబాయ్ గారూ, ఒక దారుంది. ముందు పెళ్లిళ్లు ఒక్కటే తెరిచి మీ పెళ్లి కొట్టేస్తా. అది మూసి మరణాలు తెరుస్తా. అప్పుడావిడ పెళ్లికాని మనిషి. చిటికెలో అయిపోతుంది."

"మళ్లీ పెళ్లి ఎక్కిస్తావా?"

"పోయినవాళ్లకి పెళ్లెలా ఎక్కిస్తామండీ?"

వద్దని ఇంటికి వచ్చేశాను. మర్నాడు మరగొంతు కొత్త కబురు చెప్పింది. ఒక్కరోజు కూడా నలత లేని పౌరురాలిగా నా భార్యను సన్మానానికి ఎంపిక చేశారట. స్వయంగా రావాలట. బంధువులను పంపితే కుదరదట.

వెళ్లి సంతకం చేశాను.

కాగితం వచ్చింది, ఫోన్ ఆగింది. కాగితంలో ఆవిడ అవివాహిత. భర్త పేరు ఉండాల్సిన చోట వర్తించదు అని ఉంది. పెళ్లికాని మనిషి పరాయి మగాడితో కిటికీ తెరవాలా మూయాలా అని జీవితమంతా పోట్లాడదు. ఆ సంగతి రాయడానికి కాగితంలో గడి లేదు.

ఈ పద్ధతి బాగుందని ఇప్పుడు అందరికీ ఇదే అమలు చేస్తున్నారు. మొగుళ్లూ పెళ్లాలూ వరుసలో నిలబడి, చేసుకున్న పెళ్లి కొట్టేయించుకుని, పని త్వరగా అయిందని గుమాస్తాకు దండం పెట్టి పోతున్నారు. మీరూ పెడతారు. ఇంటి ఓనరు కాగితం చూసి, బ్రహ్మచారులకు ఇల్లివ్వం కదా అని నసిగాడు. మా అక్క మాత్రం సంతోషించింది.

"పోన్లేరా తమ్ముడూ, రెండో సంబంధమంటే పిల్లనివ్వడానికి వెనకాడతారు. కాగితం ప్రకారం నీకిది మొదటిదే."

అంతలో ఏదో గుర్తొచ్చి కళ్లొత్తుకుని, పాపం ఆవిడ ఉండుంటే అనబోయింది. ఏ ఆవిడ అన్నాను.

పెళ్లికానివాడు పెళ్లాం గురించి మాట్లాడడం మర్యాద కాదు. ఇప్పటికే ఎక్కువ మాట్లాడాను. ఇకమీదట ఆవిడ గురించి గానీ, ఆ పెట్టె గురించి గానీ నా నోట ఒక్క మాట రాదు. ఎవరూ అడగొద్దు.