పన్నెండు చీలలు

ఆ ఉదయం రజనీకుమారి వేసుకున్న పథకం చిన్నదే. రాయ్‌పూర్ వెళ్లడం, లేత్ మిషనుకు కావలసిన పన్నెండు ఇనప చీలలు తేవడం, వీలైతే రాజధానిని కారు కిటికీలోంచైనా చూడడం. సాలూరు దగ్గరి పల్లె నుంచి భిలాయి వచ్చి, వైశాలి నగర్‌లో పిన్ని ఇంట్లో ఉంటూ, జాముల్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో స్టోర్ క్లర్కుగా చేరి మూడు నెలలైంది. ఉద్యోగం పర్మనెంటు అయ్యేదీ లేనిదీ ఆ సాయంత్రం తేలాలి.

"నాలుగింటికి వర్మగారు మిషన్ చూడ్డానికొస్తారు. అది తిరిగితేనే మనకి ఆర్డరు. ఆర్డరొస్తే నీ కాగితం మీద సంతకం పెడతాను," అన్నాడు యజమాని పార్థసారథి. "డ్రైవర్ భుఖన్‌కి రాయ్‌పూర్ అంతా తెలుసు. నువ్వు వెంట ఉంటే చాలు."

ఫోర్‌మన్ త్రినాథరావు అరిగిపోయిన పాత చీలను కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "దుకానుకెళ్లగానే ఇది సూపించమ్మా. మరేటీ మాటాడక్కర్లేదు."

రజనికి ప్రాణం లేచొచ్చింది. ఆమెకు హిందీ అంతంతమాత్రమే. మాట్లాడకుండా ఉండడం మాత్రం బాగా వచ్చు.

చీలను హిందీలో ఏమంటారో పార్థసారథికి ముప్పై ఏళ్లుగా తెలియలేదు. అందుకని భుఖన్‌కు ఫోన్లో ఇలా చెప్పాడు. "రాయ్‌పూర్ సే చీల లానా. పూరే బారా. పత్లా నహీ, మోటా. తేల్ లగాకే." పన్నెండు ఉండాలి, పలచగా కాదు, మందంగా ఉండాలి, నూనె రాయించి తేవాలి. అంతా స్పష్టంగానే ఉంది. అయితే భుఖన్ పుట్టి పెరిగిన ఊళ్లో చీలా అంటే బియ్యప్పిండితో పోసే అట్టు.

రాయ్‌పూర్‌లో మొదట వాళ్లు తేలిబాంధా చెరువు గట్టున ఆగారు. నీళ్ల మీద గాలి చల్లగా వస్తోంది. భుఖన్ ఒక బండి దగ్గర అట్టు కొని, సగం తుంచి రజనికిచ్చాడు. పాపం, పొద్దున్న తిని రాలేదేమో అనుకుని ఆమె తన సగం ఇష్టంగా తింది. అతను మాత్రం తల అడ్డంగా ఊపి, "పత్లా హై, దీదీ," అని కారెక్కాడు.

బూఢా తాలాబ్ చెరువు దగ్గర మళ్లీ అట్టు. మళ్లీ తల ఊపడం.

"భయ్యా, దుకాన్?" అంది రజని, సంచిలోని పాత చీలను పట్టుకుని.

"మిలేగా దీదీ, మిలేగా," దొరుకుతుందని భరోసా ఇచ్చాడు భుఖన్.

అంతలో పార్థసారథి ఫోన్. "చీల మిలా?"

"మిలా సాబ్. లేకిన్ పత్లా."

"పత్లా ఒద్దు! మోటా!"

మూడోసారి మ్యూజియం దగ్గర ఆగారు. భుఖన్ ఆమెను లోపలికి పంపి, తను పక్క వీధిలోకి వెళ్లాడు. రజని నల్లరాతి బొమ్మల మధ్య తీరిగ్గా తిరిగింది. ఒక నర్తకి పాదం దగ్గర పావుగంట నిలబడిపోయింది. బయటికి వచ్చేసరికి కారులో గుడ్డ చుట్టిన పెద్ద స్టీలు డబ్బా ఉంది.

"మిల్ గయా. పూరే బారా," అన్నాడు భుఖన్ గర్వంగా.

తను బొమ్మలు చూస్తుండగా పని అయిపోయినందుకు ఆమెకు సిగ్గేసింది. డబ్బా వేడిగా ఉంది. ఇప్పుడే కొలిమిలోంచి తీసినట్టున్నారు అనుకుంది. మూత తీయబోతే భుఖన్ ఆపాడు, చల్లారిపోతుందని. వేడి ఇనుమును తొందరపడి చల్లార్చకూడదని త్రినాథరావు కూడా ఎప్పుడో చెప్పాడు కదా! పచ్చిమిరపకాయల వాసన వస్తే, పొద్దున్నుంచీ అట్లు తిన్న చేతులు కదా అని సరిపెట్టుకుంది.

జాముల్ చేరేసరికి వర్మగారు అరగంట ముందే వచ్చి ఆఫీసులో కూర్చున్నారు. త్రినాథరావు సుత్తితో సహా మిషన్ పక్కన సిద్ధంగా ఉన్నాడు. మూత తీశాడు. ఆవిరి ముఖాన కొట్టింది.

"ఏటిది?" అని ఒకటి తీసి వంచి చూశాడు. అది వంగింది. "దీన్ని మిషన్లో కొట్టీమంటారేటి బాబూ?"

"చీలా, సాబ్," అన్నాడు భుఖన్. "మోటా. తేల్ లగాకే."

పార్థసారథి స్టూలు మీద కూలబడ్డాడు. "నువ్వేం చేస్తున్నావమ్మా?"

"నమూనా చూపించమన్నారండి," అంది రజని మెల్లగా. "చూపించే చోటు రాలేదు."

ఆమె డబ్బా అందుకుని, అరడజను అట్లు పళ్లెంలో పెట్టి, భుఖన్ తెచ్చిన టమాటా పచ్చడి వేసి ఆఫీసులోకి నడిచింది. దుర్గ్‌లో పని తెమలక వర్మగారు మధ్యాహ్నం భోంచేయలేదు. ఒక ముక్క తిని కళ్లు మూసుకున్నారు. ఎక్కడివని హిందీలో అడిగారు.

రజని ఆ రోజు మొదటిసారి పూర్తి వాక్యం మాట్లాడింది. "మ్యూజియం కే పాస్ సే, సాబ్. మోటా హై. తేల్ లగాకే."

ఆరో అట్టు దగ్గర పార్థసారథి వచ్చి నిజం చెప్పేశాడు. వర్మగారు పొలమారేదాకా నవ్వారు.

"లెక్క సరిగ్గా ఉంది, మందం ఉంది, నూనె ఉంది," అన్నారు చేయి తుడుచుకుంటూ. "నాకు సరుకిచ్చేవాళ్లలో ఒక్కడూ చెప్పింది చెప్పినట్టు తేడు. మిషన్ రేపు చూస్తాను. నాలుగింటికే."

ఆర్డరు ఒక రోజు వెనక్కి వెళ్లినా, రజని కాగితం మీద సంతకం ఆ సాయంత్రమే పడింది.

మర్నాడు రజని మళ్లీ రాయ్‌పూర్ బయల్దేరింది. ఈసారి మాటలతో పని లేకుండా పార్థసారథి చీల బొమ్మ గీసి, పక్కన పన్నెండు అని వేసి ఇచ్చాడు. దాని కింద ఇంకో బొమ్మ ఉంది, గుండ్రంగా. పక్కన ఇరవై నాలుగు.