ఊరికే వచ్చిన సీటూ, నాన్న చెప్పుల కొట్టూ

ఆ రోజు మా ఇంట్లో నాన్న, అమ్మ, నానమ్మ, బాబాయి, మెడలో టేపు తీయకుండానే వచ్చిన పక్కింటి టైలరు అత్త ఉన్నారు. నేనూ ఉన్నాను గానీ లెక్కలోకి రాను. ఎందుకంటే చర్చ నా కాలేజీ గురించి.

కాలేజీ ర్యాంకుల్ని తిట్టేవాళ్ళకు పుట్టగతులుండవు! అవే లేకపోతే ఏం జరిగేది? పిల్లల్ని కూచోబెట్టి, ఏం చదువుతావని అడగాల్సి వచ్చేది. అడిగితే వాళ్ళు చెప్పేవాళ్ళు. చెబితే వినాల్సి వచ్చేది. ఇన్ని అనర్థాల్ని ఒక్క అంకె ఆపుతోందంటే మాటలా?

నాకు రెండు కాలేజీల్లో సీటొచ్చింది. ఒకదాని ర్యాంకు పన్నెండు, ఫీజంతా మేమే కట్టుకోవాలి. రెండోదాని ర్యాంకు నూట నలభై. నా మార్కులు చూసి ఫీజు మొత్తం మాఫీ చేస్తామంది. అక్కడి విత్తనాల ల్యాబులోకి మొదటి ఏడాది పిల్లల్ని కూడా రానిస్తారట. నాకు అక్కడికే వెళ్ళాలనుంది. ఆ ముక్క చెప్పడానికి మూడు రోజులుగా గొంతు సవరించుకుంటున్నాను.

నాన్నది చెప్పుల కొట్టు. అందులో తగ్గింపు బోర్డు తగిలించేది అమ్ముడుపోని జతలకే. అందుకే కాలేజీ ఉత్తరం చదవగానే సంగతి పసిగట్టేశాడు.

"పావు వంతు తగ్గిస్తే పాత సరుకు. సగం తగ్గిస్తే అట్ట ఊడిన సరుకు. మొత్తం ఊరికే ఇస్తామంటున్నారంటే, అందులో కాలు పెట్టకూడదు."

ఎంత సత్యం! అది నా మార్కులకు దక్కిన గౌరవమని రెండు రోజులు పొంగిపోయినందుకు సిగ్గేసింది. నేను ఇంకో పది మార్కులు తక్కువ తెచ్చుకుని ఉంటే వాళ్ళు సగమే మాఫీ చేసేవాళ్ళు. పాపం, ఆ కాలేజీ పరువు కాస్త నిలబడేది.

పన్నెండో ర్యాంకు దాంట్లో ఏం చెబుతారని అమ్మ అడిగింది.

"ఏం చెబితే ఏంటి వదినా, పన్నెండో ర్యాంకు" అన్నాడు బాబాయి.

పన్నెండు కంటే నూట నలభయ్యే పెద్దది కదా అని నానమ్మ అడ్డం తగిలింది. అందరూ కలిసి ఆవిడ నోరు మూయించారు. నాకున్న ఒక్క ఓటూ అలా పోయింది.

ఫీజుకు కొట్టు తాకట్టు పెడదామన్నాడు నాన్న. టైలరు అత్త మెచ్చుకోలుగా తలూపింది. ఇక ఆగలేకపోయాను.

"నాన్నా, ఆ రెండో కాలేజీలో..."

నాన్న లేచొచ్చి ప్రేమగా నా తల నిమిరాడు.

"నీ కాలేజీ సంగతే మాట్లాడుకుంటున్నాం తల్లీ. మధ్యలో నువ్వెందుకు? వెళ్ళి చదువుకో."

నన్ను గుమ్మం దాటించి, మెల్లగా తలుపు వేశాడు.