సూదుల స్లాబు

ఆదివారం పొద్దున్నే కుట్టుమిషన్లు పై హాలులోకి ఎక్కించాలని కృతిక అనుకుంది. మెదక్‌లో వాళ్ల వీధి ఆడవాళ్లకు కుట్టు నేర్పే తరగతి మర్నాడే మొదలు. కానీ అత్త నర్సమ్మ మెట్లకు అడ్డంగా కుర్చీ వేసుకుంది.

“సలాకలు లేని స్లాబు మీదికి నేనెక్క. మిషన్లు ఎక్కనియ్య.”

పై హాలుకు నేలగా ఆ స్లాబు వేయించింది ఇంజినీరు మెహ్జబీన్. ఉక్కు దూలాల మీద మడతల రేకు, రేకు మీద సన్నని ఉక్కు తీగముక్కలు కలిపిన కాంక్రీటు. పలచగా పోసినా గట్టిగా ఉంటుందని, సిమెంటు ఆదా అని, సెంట్రింగు కట్టెలే అక్కర్లేదని చెప్పింది. నర్సమ్మకు మాత్రం అందులో సూదులే కనిపించాయి.

తల్లికీ భార్యకూ మధ్య నలిగి అమరేందర్ తీర్పు చెప్పాడు. “పొద్దుగూకే లోపల అమ్మ ఎక్కితే మిషన్లు ఎక్కుతయ్. లేకుంటే పగలగొట్టిచ్చి సలాకలతోని పోపిస్త.” అంటే తరగతి ఈ ఏటికి లేనట్టే.

అతను బజారుకు వెళ్లగానే నర్సమ్మ చేగుంటలో ఉన్న చెల్లెలు బాలమణికి ఫోన్ చేసింది. “సూదులేసి పోసిండ్రే స్లాబు. నా కొడుకు నన్నే ఎక్కమంటుండు. నేనెక్కిన్నంటే గది...”

ఛార్జింగ్ అయిపోయింది.

బాలమణి మళ్లీ చేస్తే స్విచాఫ్. అక్క ఎక్కిందని, స్లాబు వంగిందని ఆమె పక్కింటికి చెప్పింది. ఆ మాట టేక్మాల్ చుట్టాలకు చేరేసరికి నర్సమ్మ దూలాల మధ్య వేలాడుతోంది. మధ్యాహ్నానికి ఒక డీసీఎం వ్యాను నిండా చుట్టాలు తాళ్లతో దిగారు. ముందుజాగ్రత్తగా ఒకాయన పూలదండ కూడా తెచ్చాడు.

“పెద్దమ్మ ఏడుంది?”

“లోపల బువ్వ తింటుంది” అంది కృతిక.

“పాపం, పిల్లకు మతి చెదిరింది” అంటూ అందరూ పైకి పరుగెత్తారు.

పైన తన పేరు పెట్టి ఏడుస్తుంటే నర్సమ్మకు ముద్ద దిగలేదు. ఎంగిలి చేత్తోనే మెట్లెక్కి, గుంపు మధ్యకు దూసుకుపోయింది. “ఎవర్రా నన్ను సంపింది? ఆ దండేంది? తెస్తే తెచ్చిండ్రు, వాడిపోయింది తెస్తరా!”

బాలమణి అక్కను గట్టిగా పట్టుకుంది. “మరి స్లాబేడ గూలిందే?”

అందరూ కిందికి చూసుకున్నారు. వ్యానెడు జనం స్లాబు నడుమనే నిలబడి ఉన్నారు. నర్సమ్మ మెల్లగా మడమతో ఒకసారి తన్నింది. ఇంకోసారి తన్నింది. రేకు కిర్రుమనలేదు.

బజారు నుంచి వచ్చిన అమరేందర్ నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు.

“ఏం జూస్తున్నవ్‌రా కిందికెల్లి?” అని కేకేసింది నర్సమ్మ. “మిషన్లు దే!”

తాళ్లు తెచ్చినందుకు వాటితోనే మిషన్లు పైకి లాగారు. ఏడవడానికి వచ్చిన బాలమణి జాకెట్టు కొలతలిచ్చి వ్యానెక్కింది.