సమసమాజ ఎన్‌క్లేవ్

శామీర్‌పేటలో విప్లవం ప్రతి ఆదివారం మధ్యాహ్నం జరుగుతుందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఆదివారమే ఎందుకంటే మిగతా రోజుల్లో కామ్రేడ్లకు ఆఫీసులుంటాయి. మధ్యాహ్నమే ఎందుకంటే నాటుకోడి ఉడకడానికి ఆమాత్రం సమయం పడుతుంది. స్థలం, చెరువుకు కాస్త ఎగువన నరసింహ గారి ఫామ్‌హౌస్. నరసింహ గారు రియల్ ఎస్టేట్ వ్యాపారి, స్థానిక నాయకుడు, పైగా విప్లవానికి కన్నతండ్రి. అంటే అన్వేష్‌కు తండ్రి.

అన్వేష్ లా చదివాడు. చదివాక బాపు ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, ప్లాట్ల మ్యాపులు చూసీ చూసీ, ఈ భూమ్మీద సొంత ఆస్తి అనేదే ఉండకూడదన్న నిర్ణయానికి వచ్చాడు. ఇది సామాన్యమైన త్యాగం కాదు. ఆస్తి లేనివాళ్లు ఆస్తి వద్దనడంలో విశేషమేముంది? అతను గడ్డం పెంచాడు, ఖద్దరు లాల్చీలు కుట్టించాడు. కారు మాత్రం మార్చలేదు. వర్గపోరాటానికి వేళకు చేరుకోవాలి కదా.

ఆదివారాల ఈ అధ్యయన మండలిలో అతను గాక ముగ్గురు సభ్యులు. చిన్ననాటి దోస్తు శ్రవణ్, గంటసేపు ఉపన్యాసం విని, "మస్తు జెప్పినవ్‌రా. గని గా లెగ్ పీస్ ఇటియ్యి" అనేవాడు. శ్రవణ్ భార్య అశ్రితకు ఒకటే సందేహం.

"అన్నా, విప్లవమొస్తే అల్వాల్ల మా ఫ్లాట్ పోతదా? ఫ్లాట్‌తోని ఈఎంఐ గూడ పోతదంటే నేను ఇయ్యాల్నే రెడీ."

దీన్ని అన్వేష్ మధ్యతరగతి ఊగిసలాటగా గుర్తించి క్షమించాడు. మూడో మనిషి లిఖిత. భీమవరం నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డ బ్యాంకు ఉద్యోగి కూతురు, లా కాలేజీలో అతని క్లాస్‌మేట్. వచ్చే నెల ఆమె పెద్దలు పెళ్లి మాటలకు అన్వేష్ ఇంటికి రానున్నారు. ఆమె వాదించదు. శ్రద్ధగా విని, తన కంచం తనే కడుక్కుని వెళ్తుంది. అన్వేష్‌కు ఆ మౌనమంటేనే భయం. ప్రపంచం మొత్తం నమ్మి ఆమె ఒక్కతె నమ్మకపోతే తనకు ఏ విప్లవమూ అక్కర్లేదనిపించేది. ఈ అంశం మాత్రం ఏనాడూ మండలి ముందుకు చర్చకు రాలేదు.

ఒక ఆదివారం విషయం, 'దున్నేవానికే భూమి'. ఉపన్యాసం మంచి పట్టులో ఉండగా అన్వేష్ బల్ల గుద్దాడు. చుక్కకూర పప్పు చింది లాల్చీ మీద పడింది. ఆ చుక్కకూర పండించిన బాలనర్సమ్మ సరిగ్గా అప్పుడే కొత్తిమీర కట్టలతో గడపలోకి వచ్చింది. ఫామ్‌హౌస్ వెనక ఆకుకూర మళ్లు ఆమెవి. అంటే కాగితాల మీద నరసింహ గారివి, చెమట మాత్రం ఆమెది, అంతకుముందు ఆమె అత్తది.

"చిన్న పటేలా, మడికాడ రాళ్లు పాతుతుండ్రు. పెద్ద పటేల్ ప్లాట్లు జేస్తడంట. జర నువ్వన్న జెప్పరాదు? గా మడి తప్ప నాకేమున్నది?"

లిఖిత మొదటిసారి నోరు విప్పింది.

"ప్రపంచాన్నంతా మార్చక్కర్లేదు అన్వేష్. ఆ మడి ఒక్కటీ ఆవిడకి వదిలెయ్యమని మీ నాన్నగారిని అడుగు. ఆయన ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, అడిగిరా చాలు. నువ్వు చెప్పేవన్నీ నమ్ముతాను. అడగలేకపోతే మాత్రం మావాళ్లని రావద్దంటాను."

అన్వేష్ బాపు దగ్గరికి వెళ్లాడు. దోపిడీ పుట్టుక దగ్గర మొదలుపెట్టి, సమష్టి యాజమాన్యం మీదుగా అసలు నినాదానికి వచ్చాడు. నరసింహ గారు ఫోన్ పక్కనపెట్టి మరీ విన్నారు. అంత శ్రద్ధగా అతన్ని ఇంతవరకూ ఎవరూ వినలేదు.

"మల్ల జెప్పు బిడ్డా?"

"దున్నేటోనికే భూమి, బాపు."

"ఖరా మాట! బాలనర్సమ్మ పారతోని గీకుతాంది. గది దున్నుడా? రేపటి సంది జేసీబీ దున్నుతది. జేసీబీ ఎవరిది? మనది."

అన్వేష్ తాను చదివిన పుస్తకాలన్నీ మనసులో తిరగేశాడు. వాటిలో ఎక్కడా జేసీబీ ప్రస్తావన లేదు. సిద్ధాంతకర్తలు ఈ విషయంలో ఘోరమైన అశ్రద్ధ చూపారు.

"ఇగ అంత అందరిదన్నవ్ గద? క్లబ్‌హౌస్ అందరిది, పార్కు అందరిది, స్విమ్మింగ్ పూల్ అందరిది. నువ్వు జెప్పేది, నేను జేసేది ఒక్కటే. వెంచర్‌కు పేరు నువ్వే పెట్టు" అంటూ బాపు భుజం మీద చెయ్యేశారు.

మడి మాట గొంతుదాకా వచ్చింది. ఆ చేతి బరువుకు మళ్లీ లోపలికి పోయింది. తన భావాలను మనస్ఫూర్తిగా అంగీకరించిన మొదటి మనిషి సొంత తండ్రే కావడం అతన్ని కదిలించింది. మడి అడగడానికి వెళ్లినవాడు పేరు పెట్టి వచ్చాడు.

సమసమాజ ఎన్‌క్లేవ్ ప్రారంభోత్సవం కన్నులపండువగా జరిగింది. ఎర్ర తోరణాలు, ఎర్ర కార్పెట్, ఎర్రగా వేయించిన చికెన్ సిక్స్‌టీఫైవ్. అన్వేష్ జేసీబీకి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మైకు అందుకున్నాడు.

"మిత్రులారా! ఇక్కడ పేద, ధనిక తేడా లేదు. ఎందుకంటే పేదలు లేరు. గోడలు లేని సమాజం మన కల. ఆ కలకు రక్షణగా చుట్టూ పన్నెండడుగుల ప్రహరీ కడుతున్నాం!"

చప్పట్లు మోగాయి. జేసీబీ మొదటి దెబ్బకు కొత్తిమీర మడి లేచింది. ఆ వాసన సభంతా వ్యాపించి అతిథులకు ఆకలి పుట్టించింది. శ్రవణ్ దంపతులు మొదటి ప్లాటు బుక్ చేశారు. "ఇగ సమజైందిరా నీ సిద్ధాంతం" అని శ్రవణ్ అన్వేష్‌ను కౌగిలించుకున్నాడు.

లిఖిత వేదిక పక్కన నిలబడి ఉంది.

"అడిగావా?"

"లిఖితా, ఇది ఎత్తుగడ. లోపల్నుంచి మారుస్తున్న."

"అడగలేదన్నమాట. మావాళ్లకి రావద్దని చెప్పేస్తాను."

ఆమె కోపంగా కూడా అనలేదు. అన్వేష్ ఆమె వెంట పరుగెత్తాలనుకున్నాడు. ఇంతలో సన్మానానికి మైకులో పిలుపు వచ్చింది.

మండలి ఇప్పుడు క్లబ్‌హౌస్‌లో సమావేశమవుతోంది. సభ్యత్వం బాగా పెరిగింది, అందరూ ప్లాట్ల ఓనర్లే. పోయిన ఆదివారం కౌలు రైతుల కడగండ్ల మీద చర్చ జరిగింది. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. బాలనర్సమ్మను సెక్యూరిటీ లోపలికి రానివ్వదు కాబట్టి, మార్కెట్‌లో కొన్న ఆకుకూర గంపతో గేటు బయట కూర్చుంటోంది.

మీరు నవ్వుకుంటున్నారు, సంతోషం. కానీ అదే ఆదివారం సైట్ చూడడానికి వచ్చి, తూర్పు ముఖం ప్లాటు ఉందా అని అడిగి, వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర కారు అద్దం దించి, "ఇంకో కట్ట ఊరికే వెయ్యవమ్మా, ఏం పోతుంది?" అన్నదెవరో బాలనర్సమ్మకు బాగా గుర్తుంది.